645, 6×6, 6×7, 6×9: మీడియం ఫార్మాట్‌లో మీకు సరిపడే నెగటివ్ ఏది?

35 ఎం.ఎం. ఫిల్ముతో కొంతకాలం పనిచేసి, ప్రింటులో ఇంకాస్త వివరం, ఇంకాస్త నునుపైన ఛాయలు కావాలనుకున్నవారు సహజంగానే 120 రీలు వైపు, అంటే మీడియం ఫార్మాట్ కెమెరాల్లో వాడే వెడల్పైన ఫిల్ము వైపు చూస్తారు. అక్కడ ఏ కంపెనీ కెమెరా కొనాలన్న ప్రశ్నకంటే ముందు ఏ పరిమాణం నెగటివ్ కావాలన్న ప్రశ్న తేలాలి. చాలా మీడియం ఫార్మాట్ కెమెరాలు ఒకే పరిమాణానికి కట్టుబడి ఉంటాయి కనుక, తర్వాత మనసు మారితే కెమెరాతో పాటు లెన్సులను, ఒక్కోసారి నెగటివ్‌ను కాగితం మీద పెద్దది చేసి ప్రింటు వేసే ఎన్‌లార్జర్‌ను కూడా మార్చవలసి వస్తుంది.

120 రీలును కొడాక్ 1901లో నంబర్ 2 బ్రౌనీ అనే డబ్బా కెమెరా కోసం తెచ్చింది. ఈనాటికీ అదే వెడల్పు రీలు దొరుకుతోంది. ఫిల్ము వెడల్పు సుమారు 61 ఎం.ఎం., అందులో బొమ్మ పడే వెడల్పు సుమారు 56 ఎం.ఎం. పేరులో ఆరు సెంటీమీటర్లని ఉన్నా అసలు కొలత 56 ఎం.ఎం. మాత్రమే. ఈ వెడల్పు అన్ని ఫార్మాట్లకూ సమానమే, రీలు పొడవునా ఒక్కో ఫ్రేముకు ఎంత స్థలం ఇస్తామన్నదే తేడా. 645లో, అంటే 6×4.5లో, 56 ఎం.ఎం. పొడవైన అంచు అవుతుంది, 6×7లోనూ 6×9లోనూ అదే పొట్టి అంచు అవుతుంది, 6×6లో రెండు వైపులా అదే.

## ముందుగా తేల్చుకోవలసినవి

ఫార్మాట్ ఎంచుకునేవారు అయిదు విషయాలు చూడాలి: ప్రింటు ఏ ఆకారంలో కావాలి, ఎంత పెద్దది కావాలి, నెగటివ్‌ను ప్రింటుగానో స్కాన్‌గానో మార్చే పరికరం ఏది, కెమెరాను చేతిలో పట్టి తీస్తారా లేక స్టాండు మీద పెట్టి తీస్తారా, ఒక్కో ఫ్రేముకు ఎంత ఖర్చు భరించగలరు. ఇవన్నీ పక్కన పెట్టి చాలామంది వైశాల్యం ఒక్కటే చూస్తారు. ఆ లెక్క ఇలా ఉంటుంది.

| ఫార్మాట్ | బొమ్మ కొలత (ఎం.ఎం.) | 120 రీలుకు ఫ్రేములు | 35 ఎం.ఎం. నెగటివ్‌కు ఎన్ని రెట్లు |
|---|---|---|---|
| 645 | 56 × 41.5 | 15 లేదా 16 | 2.7 |
| 6×6 | 56 × 56 | 12 | 3.6 |
| 6×7 | 56 × 69.5 | 10 | 4.5 |
| 6×9 | 56 × 84 | 8 | 5.4 |

ఈ పట్టిక చూస్తే మెట్లు ఎక్కినకొద్దీ నాణ్యత పెరుగుతుందనిపిస్తుంది. ఇది సగం నిజమే. నెగటివ్ మొత్తం ప్రింటులోకి వెళ్లినప్పుడే ఈ అంకెలకు విలువ ఉంటుంది, కాగితం ఆకారం వేరైతే నెగటివ్‌లో కొంత భాగం కోతకు పోతుంది. అందుకే నా దృష్టిలో అసలు చూడవలసిన లెక్క వైశాల్యానిది కాదు, మీరు వాడే కాగితం మీద నెగటివ్‌ను ఎన్ని రెట్లు పెద్దది చేయవలసి వస్తుందన్నది. రెట్లు తగ్గినకొద్దీ గ్రెయిన్ (ఫిల్ములోని సన్నటి రేణువులు) తక్కువగా కనిపిస్తుంది, లెన్సు లోపాలు కూడా తక్కువగా బయటపడతాయి.

| ఫార్మాట్ | 12×12 అంగుళాలు | 12×18 అంగుళాలు | 16×20 అంగుళాలు |
|---|---|---|---|
| 35 ఎం.ఎం. | 12.7 రెట్లు | 12.7 | 16.9 |
| 645 | 7.3 | 8.2 | 9.8 |
| 6×6 | 5.4 | 8.2 | 9.1 |
| 6×7 | 5.4 | 6.6 | 7.3 |
| 6×9 | 5.4 | 5.4 | 7.3 |

ఈ రెండో పట్టికను కాస్త నిదానంగా చదవాలి. 12×18 కాగితం మీద 645కూ 6×6కూ ఏ తేడా లేదు, ఎందుకంటే చదరపు నెగటివ్‌ను ఆ ఆకారానికి కోస్తే మిగిలేది 645లో మిగిలినంతే. 16×20 మీద 6×6 కొద్దిగా ముందుంటుంది గానీ ఆ తేడాను కంటితో పట్టుకోవడం కష్టం. అదే 16×20 మీద 6×9 నెగటివ్ 6×7 కంటే ఏమీ ఎక్కువ ఇవ్వదు, రెండు చివరలా కోతకు పోయే ఫిల్ముకు మీరు డబ్బు చెల్లించినట్టే. నలుచదరపు ప్రింటు కావాలంటే 6×6, 6×7, 6×9 మూడూ సమానం, అప్పుడు ఎనిమిది ఫ్రేముల 6×9 కంటే పన్నెండు ఫ్రేముల 6×6 తెలివైన ఎంపిక.

కాబట్టి కెమెరా చూడటానికి ముందు మీరు గోడకు తగిలించిన, ఆల్బమ్‌లో పెట్టిన, ఎవరికైనా ఇచ్చిన ఫోటోలను ఒకసారి తిరగేసి, వాటిని ఏ ఆకారంలో కోశారో చూడండి. జవాబులో చాలా భాగం అక్కడే ఉంటుంది.

## పెద్ద నెగటివ్ అడిగే మూల్యం

ఫార్మాట్ పెరిగినకొద్దీ అదే దృశ్యానికి ఎక్కువ ఫోకల్ పొడవున్న లెన్సు కావాలి. మామూలు చూపుకు 645లో 75 లేదా 80 ఎం.ఎం., 6×6లో 80, 6×7లో 90 నుంచి 110 వరకు, 6×9లో 90 నుంచి 105 వరకు వాడతారు. లెన్సు పొడవు పెరిగేకొద్దీ ముందూ వెనకా స్పష్టంగా నిలిచే లోతు తగ్గుతుంది. 35 ఎం.ఎం. కెమెరాలో ఎఫ్/5.6 వద్ద వచ్చే లోతు 6×7లో రావాలంటే లెన్సు రంధ్రాన్ని సుమారు ఎఫ్/11 దాకా మూయాలి, అంటే రెండు స్టాపుల వెలుతురు పోతుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). 645కూ 6×9కూ మధ్య ఈ తేడా సుమారు ఒక స్టాపు.

దీని పర్యవసానం చాలామంది ముందుగా ఊహించరు. స్టాండు లేకుండా తీసేవారు ఆ రెండు స్టాపులను షట్టర్ వేగం తగ్గించి తెచ్చుకోలేరు కాబట్టి ఐఎస్ఓ 100 ఫిల్ము బదులు తక్కువ వెలుతురు చాలే, కానీ గ్రెయిన్ ఎక్కువుండే 400 ఫిల్ము వేస్తారు, దానితో పెద్ద నెగటివ్ ఇచ్చిన గ్రెయిన్ లాభంలో కొంత తిరిగి చేజారుతుంది. స్టాండు మీద తీసేవారికి ఈ నష్టం దాదాపు ఉండదు. అందువల్ల స్టాండు మోయడానికి ఇష్టపడనివారికి 6×7, 6×9 కెమెరాలను నేను తేలిగ్గా సిఫారసు చేయలేను.

ఖర్చు విషయంలో లెక్క సూటిగా ఉంటుంది. రీలు ధర, కడిగించే ధర ఫార్మాట్‌ను బట్టి మారవు. రీలు, కడగడం, స్కాన్ కలిపి 1,500 రూపాయలు అనుకుంటే 645లో ఒక్కో ఫ్రేముకు 100 రూపాయలు, 6×6లో 125, 6×7లో 150, 6×9లో సుమారు 188 పడుతుంది. రెట్టింపు పొడవున్న 220 రీళ్లను పెద్ద కంపెనీలు ఆపేశాయి కాబట్టి 220 మాత్రమే పట్టే బ్యాక్‌లు (కెమెరాకు తగిలించే ఫిల్ము పెట్టెలు) చవకగా దొరికినా తీసుకోకండి.

## 645

చేతిలో పట్టుకుని మనుషులను, వేడుకలను, ప్రయాణాలను తీసేవారికి ఇది అన్నిటికంటే అనుకూలమైన ఫార్మాట్. 1975లో వచ్చిన మమియా 645, 1976లో వచ్చిన బ్రోనికా ఈటిఆర్, 1984లో వచ్చిన పెంటాక్స్ 645 ఈ కోవలో ప్రధానమైనవి. 1997 నాటి పెంటాక్స్ 645ఎన్‌లో ఆటోఫోకస్ కూడా ఉంది. తక్కువ వెలుతురులో తీసేవారికి మమియా 80 ఎం.ఎం. ఎఫ్/1.9 లెన్సు గట్టి ఆకర్షణ, ఎందుకంటే ఇంత వెలుతురు తీసుకునే లెన్సులు పెద్ద ఫార్మాట్లలో అరుదు.

దీర్ఘచతురస్రపు ఫ్రేము కావడంతో నిలువు బొమ్మలకు కెమెరాను పక్కకు తిప్పాలి. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూసే వ్యూఫైండర్‌తో ఆ పని జరగదు, కాబట్టి 645 ఎస్ఎల్ఆర్ (లోపలి అద్దం ద్వారా తీసే లెన్సులోంచే చూసే కెమెరా) కొనేవారు కంటి దగ్గర పెట్టి చూసే ప్రిజం ఫైండర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. పెంటాక్స్ 645లో ఈ బెడద లేదు, దాని ఫైండర్ కంటి దగ్గర పెట్టి చూసేదే. ఫ్యూజీ జిఎస్645, జిఏ645 కెమెరాలలో వరస తారుమారవుతుంది, కెమెరాను మామూలుగా పట్టుకుంటే నిలువు ఫ్రేము వస్తుంది. ముఖచిత్రాలు ఎక్కువగా తీసేవారికి అది వరం, ప్రకృతి దృశ్యాలు తీసేవారికి కొంత ఇబ్బంది.

ఫ్లాష్ వాడేవారు షట్టర్ ఎక్కడుందో గమనించాలి. మమియా 645లో షట్టర్ కెమెరాలో ఉంటుంది, ఫ్లాష్‌తో వేగం సెకనులో 60వ వంతుకు పరిమితం. బ్రోనికా ఈటిఆర్ఎస్ లెన్సులలోనే షట్టర్ ఉండటం వల్ల 500వ వంతు దాకా ఫ్లాష్ పనిచేస్తుంది. పట్టపగలు పందిరి నీడలో ఉన్న ముఖాల మీద కాస్త ఫ్లాష్ వేసి, వెనక ఎండను అదుపులో ఉంచాలనుకునేవారికి ఈ తేడా నిర్ణయాత్మకం.

## 6×6

మన ఊళ్ల స్టూడియోలలో ఒక తరం పాటు పెళ్లి ఫోటోలంటే జంట లెన్సుల కెమెరాతో, అంటే టిఎల్ఆర్‌తో తీసినవే. యాషికా కెమెరాలు, చైనా నుంచి వచ్చిన సీగల్ ఎందరో ఫోటోగ్రాఫర్ల చేతుల్లో నలిగాయి, ఇళ్లలో అగ్ఫా క్లిక్-3 వంటి సాదా కెమెరాలు ఉండేవి. వీటన్నిటి నెగటివ్ 6×6. ఇంట్లో పెద్దలు దాచిన పాత నెగటివ్‌లను మళ్లీ ప్రింటు వేయాలనుకునేవారికి ఈ ఒక్క కారణంతోనైనా 6×6కు తగిన ఎన్‌లార్జర్ లేదా స్కానర్ హోల్డర్ అవసరమవుతుంది.

చదరపు ఫ్రేముకు రెండు రకాల ఉపయోగాలున్నాయి, వాటిని వేరువేరుగా చూడాలి. మొదటిది, తీసేటప్పుడు కెమెరాను తిప్పకుండా తర్వాత నిలువుగానో అడ్డంగానో కోసుకోవడం. పాత స్టూడియోల వాడుక ఇదే. అలా వాడితే 6×6 దాదాపు 645తో సమానమని పైన పట్టికలో చూశాం. రెండోది, చదరాన్నే తుది ఆకారంగా స్వీకరించి దానిలోనే కూర్పు చేయడం. భారతీయ ఫోటోగ్రాఫర్ దయానిత సింగ్ హాసెల్‌బ్లాడ్‌తో తీసిన నలుపు తెలుపు చిత్రాలు, మైకేల్ కెన్నా తీసిన ప్రకృతి దృశ్యాలు ఈ దారిలోవి. చదరంలో చూపు ఒక అంచువైపు జారిపోదు, మధ్యలో నిలబడిన మనిషి బలహీనంగా కనిపించడు, ఖాళీ స్థలానికి బరువు వస్తుంది. ఈ ఆకారం మీద ప్రేమ ఉన్నవారికి మరో ఫార్మాట్ అవసరం లేదని నా గట్టి నమ్మకం. చదరాన్ని కోసి వాడాలనుకునేవారికి మాత్రం దీని కంటే 645 పొదుపు.

కెమెరాల విషయానికి వస్తే 6×6లో ఉన్నంత వైవిధ్యం మరెక్కడా లేదు. యాషికా మ్యాట్-124జి వంటి టిఎల్ఆర్ బరువు కిలో పైచిలుకు మాత్రమే, లేచి పడే అద్దం లేదు కనుక 30వ వంతు సెకను దగ్గర కూడా చేతిలో నిలకడగా ఉంటుంది. దగ్గరి వస్తువులు తీసేటప్పుడు పై లెన్సు చూసేదానికీ కింది లెన్సు తీసేదానికీ తేడా వస్తుంది. లెన్సును మార్చే వీలు చాలావాటిలో లేదు, మమియా సి220, సి330 కెమెరాలు ఇందుకు మినహాయింపు. 1957 నుంచి వచ్చిన హాసెల్‌బ్లాడ్ 500 వరుస ఖరీదైనదే అయినా లెన్సు, బ్యాక్, ఫైండర్ అన్నీ మార్చుకోవచ్చు. రెండు బ్యాక్‌లుంటే ఒకదాంట్లో రంగుల రీలు, మరోదాంట్లో నలుపు తెలుపు రీలు పెట్టి ఒకే కెమెరాతో పనిచేయవచ్చు. ఏ16 అనే బ్యాక్ తగిలిస్తే అదే కెమెరా 645 కూడా తీస్తుంది. రెండింటి మధ్య ఎటూ తేల్చుకోలేనివారికి ఇది గౌరవప్రదమైన మధ్యేమార్గం.

## 6×7

దీనిని ఆదర్శ ఫార్మాట్ అంటూ ప్రచారం చేయడానికి కారణం ఆకారమే. 8×10, 16×20 కాగితాలకు దాదాపు కోత లేకుండా అతుకుతుంది. చీకటిగదిలో ప్రింట్లు వేసేవారికి ఆ కాగితాలే ప్రధానం కాబట్టి, నాణ్యత కోసం మాత్రమే మీడియం ఫార్మాట్‌కు వచ్చినవారిని నేను ముందుగా ఇటే చూడమంటాను.

ఈ ఫార్మాట్‌లో మూడు కెమెరాలు మూడు రకాల మనుషులకు తగినవి. 1970లో వచ్చిన మమియా ఆర్‌బి67 స్టూడియో పనిముట్టు. లెన్సుతో సహా రెండున్నర కిలోలు దాటుతుంది, కానీ వెనక భాగం తిరుగుతుంది కాబట్టి కెమెరాను కదపకుండా నిలువు, అడ్డం మార్చుకోవచ్చు. బెల్లోస్‌తో, అంటే సాగి ముడుచుకునే ముడతల గొట్టంతో, ఫోకస్ చేయడం వల్ల దగ్గరి బొమ్మలు సునాయాసంగా వస్తాయి, ఫ్లాష్ 400వ వంతు దాకా అన్ని వేగాలలోనూ పనిచేస్తుంది, బ్యాటరీ అవసరమే లేదు. 1969 నాటి పెంటాక్స్ 6×7, దాని తర్వాతి 67 కెమెరాలు పెద్ద సైజు 35 ఎం.ఎం. ఎస్ఎల్ఆర్ లాగే చేతిలో కూర్చుంటాయి. వాటి 105 ఎం.ఎం. ఎఫ్/2.4 లెన్సు ముఖచిత్రాలకు పేరుపొందింది. అద్దం పెద్దది కావడంతో తాకిడి బలంగా ఉంటుంది, అందుకే నెమ్మది వేగాల కోసం అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచే ఏర్పాటు ఉన్న నమూనానే తీసుకోవాలి. ఫ్లాష్ వేగం 30వ వంతుకే పరిమితం కాబట్టి ఎండలో ఫ్లాష్ వాడేవారికి ఇది పనికిరాదు. 1995లో వచ్చిన మమియా 7 రేంజ్‌ఫైండర్ (లెన్సులోంచి కాక విడి కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే కెమెరా) 80 ఎం.ఎం. లెన్సుతో సుమారు 1.2 కిలోలే. అద్దం లేని ఈ కెమెరాతో 6×7ను చేతిలో పట్టి తీయడం నిజంగా సాధ్యమవుతుంది. కానీ మీటరు కంటే దగ్గరకు వెళ్లదు, సెకండ్‌హ్యాండ్ ధర చాలా ఎక్కువ.

## 6×9

35 ఎం.ఎం. చూపుకు అలవాటుపడినవారికి 6×9 ఆకారం కొత్తగా అనిపించదు, రెండింటి నిష్పత్తీ 3:2. మన ల్యాబుల్లో సాధారణమైన 8×12, 12×18 కాగితాల మీద మొత్తం నెగటివ్ పడుతుంది. ఇక్కడ మాత్రమే 6×9 తన పూర్తి బలం చూపుతుంది.

ఫ్యూజీ జిడబ్ల్యూ690 వరుస దీనికి మంచి ఉదాహరణ. మార్చడానికి వీల్లేని 90 ఎం.ఎం. ఎఫ్/3.5 లెన్సు, బ్యాటరీ లేని యంత్రాంగం, లోపల లైట్ మీటరు లేదు. సుమారు కిలోన్నర బరువున్న ఈ కెమెరాతో కొండలు, నదీతీరాలు, పాత కట్టడాలు తీసేవారు ఎనిమిది ఫ్రేములకే తృప్తిపడటం నేర్చుకోవాలి. దీనికంటే చవకైన దారి పాత మడత కెమెరాలది, అవి జేబులో పట్టేంత పలుచగా మూసుకుంటాయి. వాటిని కొనేముందు చీకటి గదిలో బెల్లోస్ లోపల టార్చి వెలిగించి, మూలల దగ్గర వెలుతురు కారే చిల్లులున్నాయేమో చూడాలి. వెనక ఎర్రటి కిటికీలో కనిపించే అంకెలను బట్టి రీలు తిప్పే ఈ కెమెరాలు 120 రీలు వెనక కాగితం మీద 6×9కు, 6×6కు, 645కు విడివిడిగా అచ్చువేసిన మూడు వరుసల అంకెల మీద ఆధారపడతాయి. 6×7కు అలాంటి వరుస లేదు, అందుకే ఆ కెమెరాలకు సొంత లెక్కింపు యంత్రం తప్పనిసరి.

6×12, 6×17 వంటి విశాల ఫార్మాట్లు ఒక నిర్దిష్టమైన చూపు ఉన్నవారికే. రీలుకు ఆరు, నాలుగు ఫ్రేములు మాత్రమే వస్తాయి, మొదటి మీడియం ఫార్మాట్ కెమెరాగా వాటిని ఎవరికీ సూచించను.

## చీకటిగది, స్కానర్ పెట్టే హద్దులు

మీ దగ్గర ఎన్‌లార్జర్ ఉంటే నిర్ణయంలో దాని మాటే చెల్లుతుంది. డర్స్ట్ ఎం605, మియోప్టా ఓపెమస్ 6 వంటివి 6×6 వరకే, డర్స్ట్ ఎం670 వంటివి 6×7 దాకా వెళ్తాయి. 6×9 కావాలంటే బెసెలర్ 23సి లాంటి పెద్ద యంత్రం చూసుకోవాలి. ఎన్‌లార్జర్ లెన్సు కూడా మారుతుంది: 6×6కు 75 లేదా 80 ఎం.ఎం., 6×7కు 90, 6×9కు 105. 6×6 ఎన్‌లార్జర్ చేతిలో ఉండి 6×7 కెమెరా కొంటే, చీకటిగదిలో ఆ అదనపు ఫిల్ము కాంతికి అందదు.

స్కాన్ చేసేవారికి ఇంత కట్టడి లేదు. ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో 2400 డిపిఐ (అంగుళానికి 2400 చుక్కలు) వద్ద 645 నుంచి సుమారు 21 మెగాపిక్సెళ్లు, 6×6 నుంచి 28, 6×7 నుంచి 35, 6×9 నుంచి 42 వస్తాయి. డిజిటల్ కెమెరాతో నెగటివ్‌ను ఫోటో తీసి స్కాన్‌గా వాడేవారు సెన్సర్ ఆకారాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 3:2 సెన్సర్‌లో 6×9 పూర్తిగా నిండుతుంది, 6×6లో మూడో వంతు పిక్సెళ్లు ఖాళీగా మిగిలిపోతాయి. నెగటివ్‌ను రెండు ముక్కలుగా తీసి అతికిస్తే ఆ లోటు తీరుతుంది, కానీ ప్రతి ఫ్రేముకూ ఆ శ్రమ పడాలి.

## ఎవరికి ఏది

పిల్లలను, కుటుంబ వేడుకలను, వీధులను తీసేవారు, రీలు ఖర్చు గురించి ప్రతి క్లిక్ దగ్గరా ఆలోచించడం ఇష్టంలేనివారు 645 తీసుకోవాలి. మొదటిసారి మీడియం ఫార్మాట్‌లోకి వస్తూ ఖర్చు తక్కువగా ఉండాలనుకునేవారికి, నెమ్మదిగా పనిచేసే తీరు నచ్చేవారికి మంచి స్థితిలో ఉన్న టిఎల్ఆర్ చాలు. చదరం వారికి నచ్చకపోయినా పెద్ద నష్టం లేకుండా అమ్ముకోవచ్చు. స్టూడియోలో ముఖచిత్రాలు తీసి 16×20 ప్రింట్లు వేసేవారికి ఆర్‌బి67ను మించిన విలువ కనిపించదు. ప్రయాణాల్లో దృశ్యాలు తీసి 12×18కు మించి ప్రింటు వేయించేవారికి, స్టాండు మోయడానికి సిద్ధంగా ఉన్నవారికి 6×9. మమియా 7 కొనగలిగే స్థోమత ఉండి, ముఖాలకు బాగా దగ్గరగా వెళ్లనవసరం లేనివారికి దాని కంటే మంచి ప్రయాణ కెమెరా నాకు తోచదు.

నిర్ణయం ఇంకా ఊగిసలాడుతుంటే నల్ల అట్టముక్కలో నాలుగు కిటికీలు కోయండి: 56×41.5, 56×56, 56×69.5, 56×84. వారం పాటు బయటకు వెళ్లినప్పుడల్లా వాటిలోంచి చూడండి. చేయి తరచుగా దేనివైపు వెళ్తుందో గమనిస్తే ఏ ఆకారం మీ కంటికి సహజమో తెలుస్తుంది.

కెమెరా సెకండ్‌హ్యాండ్‌లోనే కొనవలసి ఉంటుంది కాబట్టి, తిరిగి ఇచ్చే గడువు లోపలే ఒక చవక నలుపు తెలుపు రీలు వేసి కడిగించి, నెగటివ్ మొత్తాన్ని తెల్లటి వెలుతురు మీద పరచి చూడండి. ఫ్రేముల మధ్య ఖాళీలు సమానంగా ఉండాలి. ఒకదానిమీద ఒకటి ఎక్కితే రీలు తిప్పే యంత్రం అరిగినట్టు. అంచుల్లో నల్లటి చారలు ఉంటే వెలుతురు అడ్డుకునే నురుగు పట్టీలు పాడైనట్టు, అవి తక్కువ ఖర్చుతో మార్చుకోగలిగినవే. సముద్రతీర పట్టణాలలో ఉండేవారు లెన్సు లోపల బూజు ఉందేమో టార్చి వెలుతురులో పరీక్షించి తీసుకోవాలి, తీసుకున్నాక సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచాలి.